నీటికాసులు: పోయిన చూపు రాదు, ఉన్న చూపును నిలుపుకోవచ్చు



నీటికాసుల జబ్బు ఉన్నవారు మా కంటి విభాగంలో తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆరు నెలల నుంచి చుక్కల మందు మానకుండా వేసుకుంటున్నామండీ. చూపు మాత్రం ఏమీ పెరగలేదు. ఇక ఈ మందు ఎందుకు?" ఇలా వచ్చి అడిగేవారి గురించి మాకు దిగులు లేదు. జవాబు వింటారు, మందు కొనసాగిస్తారు. అడగకుండానే మందు మానేసి ఇంట్లో ఉండిపోయేవారి గురించే మా దిగులు. వారు ఏడాదికో, రెండేళ్లకో మళ్లీ వచ్చేసరికి ఒక కన్ను పూర్తిగా పోయి, రెండో కంటికి గొట్టంలోంచి చూసినంత చూపే మిగిలి ఉంటుంది. అప్పుడు ఎంత పెద్ద ఆసుపత్రికి వెళ్లినా ఆ పోయిన చూపును ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

అందుకే ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మాటను మొదటే చెప్పేస్తున్నాం. నీటికాసులకు ఇచ్చే మందు చూపును పెంచదు. ఈ రోజు మీకున్న చూపు రేపు కూడా ఉండేలా కాపాడుతుంది. ఆరు నెలల తరువాత కూడా మీ చూపు మొదట్లో ఎంత ఉందో అంతే ఉందంటే, ఆ మందు తన పని తాను చేసిందన్నమాట.

కంటి లోపల ఏమి జరుగుతుంది?

కన్ను తన గుండ్రని ఆకారంలో ఉండాలంటే లోపల కొంత ఒత్తిడి ఉండాలి. ఆ ఒత్తిడిని ఇచ్చేది కంటి ముందు భాగంలో ఊరే పలుచని నీరు. కన్నీరు వేరు, ఈ నీరు వేరు. కన్నీరు కంటి పైభాగాన్ని తడుపుతుంది. ఈ నీరు కంటి లోపలే తిరుగుతుంది. నల్లగుడ్డు వెనక ఊరి, కంటిపాప గుండా ముందుకు వచ్చి, నల్లగుడ్డు అంచు చుట్టూ ఉండే జల్లెడ వంటి సన్నని దారి గుండా బయటికి పోయి రక్తంలో కలుస్తుంది.

ఎంత నీరు ఊరుతుందో అంత నీరు బయటికి పోతుంటే ఒత్తిడి సమంగా ఉంటుంది. చాలామందిలో ఈ కొలత 10 నుంచి 21 మధ్య ఉంటుంది. బీపీని కొలిచినట్టే దీన్ని కూడా పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు. అయితే బీపీకీ కంటి ఒత్తిడికీ కొలత ఒకటే తప్ప, అవి రెండూ వేరు. బీపీ అదుపులో ఉన్నంత మాత్రాన కంటి ఒత్తిడి అదుపులో ఉన్నట్టు కాదు.

వంటింటి తూములో చెత్త అడ్డుపడితే నీళ్లు ఎలా నిలిచిపోతాయో, కంటిలోని దారి మూసుకుపోతే అలాగే నీరు నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి వల్ల దెబ్బతినేది కంటి వెనక ఉన్న నరం. మనం చూసిన దాన్ని మెదడుకు చేరవేసేది ఈ నరమే. ఇందులో సుమారు 10 నుంచి 12 లక్షల సన్నని పోగులు ఉంటాయి. టెలిఫోను తీగల కట్ట లాంటిదనుకోండి. ఒక్కో తీగ తెగినప్పుడల్లా మనం చూసే దృశ్యంలో ఒక్కో చుక్క ఆరిపోతుంది. చర్మం మీద గాయమైతే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. కంటి నరంలో పోగు చచ్చిపోతే మళ్లీ మొలవదు. నీటికాసులు అంటే ఇలా నరం పోగులు మెల్లమెల్లగా చచ్చిపోయే జబ్బు. డాక్టర్లు దీన్నే గ్లకోమా అంటారు.

కొందరిలో ఒత్తిడి 21 లోపే ఉన్నా నరం దెబ్బతింటుంది. వారి నరం ఆ మాత్రం ఒత్తిడిని కూడా తట్టుకోలేదు. కనుక ఒత్తిడి ఒక్కటి కొలిచి "బాగానే ఉంది" అనుకుంటే చాలదు. నరాన్ని కూడా చూడాలి.

ఎందుకు ముందే తెలియదు?

నొప్పి ఉండదు. ఎరుపు ఉండదు. నీరు కారదు. సాధారణంగా మొదట పోయేది నడిమి చూపు చుట్టూ ఉండే చూపు, ముఖ్యంగా పక్క చూపు. నడిమి చూపు చివరి వరకు నిలిచి ఉంటుంది. పాటల పుస్తకం చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి, బియ్యంలో రాళ్లు ఏరడానికి పనికి వచ్చేది నడిమి చూపే. అందుకే "నేను బైబిలు చదువుకోగలుగుతున్నాను, నా కళ్లకేమీ లేదు" అనే పెద్దవారిలో కూడా జబ్బు బాగా ముదిరి ఉండవచ్చు.

ఇంకో సంగతి. ఒక కంటిలో పోయిన భాగాన్ని రెండో కన్ను పూరిస్తుంది. రెండు కళ్లలోనూ పోయిన భాగాన్ని మెదడు చుట్టుపక్కల రంగులతో నింపుకుంటుంది. జబ్బు ఉన్నవారికి ఎదురుగా నల్లని మచ్చ ఏదీ కనిపించదు. అక్కడ ఏదో ఉండాల్సింది లేదనే సంగతే వారికి తెలియదు.

ఈ గుర్తులను ఇంట్లోవారే తొందరగా పట్టగలరు. గుమ్మం పక్కకు భుజం తగులుతుంటుంది. మెట్లు దిగేటప్పుడు కాలు తడబడుతుంది. కంచం పక్కన పెట్టిన గ్లాసును చేత్తో తోసేస్తుంటారు. రోడ్డు దాటేటప్పుడు పక్క నుంచి వచ్చే సైకిలును చూడరు. "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోకండి. కంటి పరీక్షకు తీసుకురండి.

శుక్లం వేరు, నీటికాసులు వేరు

ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలామంది చూపు పోగొట్టుకుంటున్నారు. తేడాను బాగా గుర్తుంచుకోండి.

శుక్లం అంటే కంటిలోని సహజమైన అద్దం మసకబారడం. ఆ అద్దాన్ని తీసి కొత్తది అమర్చితే, కంటిలో మరే జబ్బూ లేనివారికి చూపు తిరిగి వస్తుంది. కొన్ని నెలలు ఆలస్యమైనా సాధారణంగా చూపును మళ్లీ తెచ్చుకోవచ్చు.

నీటికాసులు అంటే నరం చచ్చిపోవడం. ఎన్ని నెలలు ఆలస్యం చేస్తే అంత చూపు శాశ్వతంగా పోతుంది. "ముదరనివ్వండి, అప్పుడు ఆపరేషన్ చేయించుకుంటాం" అనే మాట ఈ జబ్బుకు పనికిరాదు. ముదిరిన తరువాత కాపాడడానికి ఏమీ మిగలదు.

పెద్ద వయసులో కొందరికి రెండూ కలిసి ఉంటాయి. అలాంటివారికి శుక్లం ఆపరేషన్ చేసినా పూర్తి చూపు రాకపోవచ్చు. అద్దం మారింది కానీ నరం అప్పటికే దెబ్బతిని ఉంది కనుక.

మన రాష్ట్రంలో ఏమి తేలింది?

ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు 1996 నుంచి 2000 వరకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా ప్రజల కళ్లను పరీక్షించారు. హైదరాబాదులో చేసిన పరీక్షల్లో 40 ఏళ్లు దాటినవారిలో ప్రతి నూరుమందికి ఇద్దరు ముగ్గురిలో, మెల్లగా ముదిరే రకం నీటికాసులు కనిపించాయి. వారిలో పదిమందికి తొమ్మిదిమంది పైగా, తమకు ఆ జబ్బు ఉన్నట్టు అప్పటి వరకు ఎరగరు. సగం మందికి పైగా కంటి ఒత్తిడి ఆ సమయంలో మామూలు పరిధిలోనే ఉంది.

2018 ఆగస్టులో తెలంగాణలోను, 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోను కంటి వెలుగు పేరుతో ప్రభుత్వ శిబిరాలు మొదలయ్యాయి. లక్షలాది మంది అద్దాలు తీసుకున్నారు. ఎంతో మేలు జరిగింది. అయితే అద్దాలు తీసుకున్నవారంతా కంటి నరం పరీక్ష కూడా అయిపోయిందని అనుకోకూడదు. గోడ మీది అక్షరాలు చదివించడం ఒక పరీక్ష, కంటిపాపను పెద్దది చేసి వెనక ఉన్న నరాన్ని చూడడం మరో పరీక్ష. రెండోది జరిగిందో లేదో మీ చీటీలో చూసుకోండి, డాక్టరుగారిని అడగండి.

నీటికాసుల్లో రకాలు

1. మెల్లగా ముదిరే రకం. నీరు పోయే దారి తెరిచే ఉంటుంది కానీ జల్లెడ పూడుకుపోతుంది. ఏళ్ల తరబడి గుర్తు తెలియకుండా సాగేది ఇదే.

2. దారి మూసుకుపోయే రకం. నీరు పోయే మూల సన్నగా ఉండి మూసుకుపోతుంది. ఇది కూడా చాలామందిలో నొప్పి లేకుండానే సాగుతుంది. కొందరిలో మాత్రం ఒక్కసారిగా పూర్తిగా మూసుకుంటుంది. అప్పుడు కన్ను ఎర్రబడుతుంది, భరించలేని నొప్పి వస్తుంది, చూపు మసకబారుతుంది, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. తలనొప్పి, వాంతులు కూడా ఉంటాయి. వాంతులు చూసి పైత్యమనో, అజీర్ణమనో అనుకుని రెండు రోజులు ఇంట్లో గడిపితే ఆ కన్ను దక్కకపోవచ్చు. కన్ను ఎర్రబడి తలనొప్పి, వాంతులు ఉంటే తెల్లవారే దాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి రండి. ఇది స్త్రీలలోను, వయసు మళ్లినవారిలోను ఎక్కువ.

3. పసిపిల్లలకు వచ్చే రకం. బిడ్డ కళ్లు మరీ పెద్దవిగా ఉన్నాయని ఇరుగుపొరుగు ముద్దు చేస్తుంటారు. ఆ కళ్ల నుంచి నీరు కారుతూ, వెలుతురు చూడలేక బిడ్డ ముఖం దాచుకుంటూ, నల్లగుడ్డు మీద పొగమంచు పట్టినట్టు ఉంటే అది అందం కాదు, జబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3300 కాన్పులకు ఒక బిడ్డకు ఈ జబ్బు ఉన్నట్టు లెక్క తేలింది. ఇతర దేశాలలో చాలా చోట్ల ఇంత ఎక్కువ లేదు. మేనరికాలు, దగ్గర సంబంధాలు దీనికి ఒక కారణం. ఈ పిల్లలకు ముఖ్యమైన చికిత్స ఆపరేషనే. ఎంత తొందరగా చేయిస్తే అంత మంచిది.

4. మందుల వల్ల వచ్చే రకం. దీన్ని మనం చేతులారా తెచ్చుకుంటున్నాం. వేసవిలో పిల్లలకు కళ్ల దురద వస్తుంది. మందుల షాపులో అడిగి ఒక సీసా కొని వేస్తాం. ఒక్క రోజులో దురద పోతుంది. మళ్లీ వస్తే అదే సీసా, మళ్లీ అదే సీసా. అందులో స్టెరాయిడ్ మందు ఉంటే, అది నెలల తరబడి పడిన కళ్లలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినవచ్చు. పన్నెండేళ్ల పిల్లవాడికి కూడా నీటికాసులు రావచ్చు. డాక్టరు రాసిన చుక్కలను రాసినన్ని రోజులే వాడండి. పాత చీటీ చూపించి కొత్త సీసా కొనకండి. ఉబ్బసానికి, కీళ్ల నొప్పులకు, చర్మ వ్యాధులకు ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడేవారు కూడా కంటి ఒత్తిడిని చూపించుకోవాలి.

కంటికి గట్టి దెబ్బ తగిలినవారికి కూడా ఈ జబ్బు రావచ్చు. కర్రాబిళ్ల ఆటలో, క్రికెట్ బంతితో, పండుగనాటి టపాకాయతో తగిలిన దెబ్బ అప్పటికి మానినట్టు కనిపించినా, కొన్నేళ్ల తరువాత ఒత్తిడి పెరగవచ్చు.

ఎవరు పరీక్ష చేయించుకోవాలి?

40 ఏళ్లు దాటిన ప్రతివారూ ఒకసారి చేయించుకోవాలి. ఆ తరువాత ఎన్నాళ్లకు రావాలో డాక్టరుగారు చెబుతారు. షుగరు ఉన్నవారు, దూరపు చూపుకు ఎక్కువ పవరు అద్దాలు వాడేవారు, స్టెరాయిడ్లు వాడేవారు, కంటికి దెబ్బ తగిలినవారు వయసుతో సంబంధం లేకుండా రావాలి.

అందరికంటే ముందు రావలసినవారు మరొకరున్నారు. నీటికాసులు ఉన్నవారి రక్తసంబంధీకులు. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒకరికి ఈ జబ్బు ఉంటే మిగిలినవారికి వచ్చే అవకాశం ఇతరులకంటే కొన్ని రెట్లు ఎక్కువ. తోబుట్టువులకు మరీ ఎక్కువ. జబ్బు ఉన్న పెద్దాయనను భార్య తోడు తెచ్చుకుంటుంది, కోడలు తోడు తెచ్చుకుంటుంది. వారు రావడం మంచిదే. కానీ పరీక్ష అవసరమైనవారు పొలంలో ఉన్న ఆయన తమ్ముడు, అత్తవారింట్లో ఉన్న ఆయన చెల్లెలు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు. వారికి కబురు చేయండి.

ఏ పరీక్షలు చేస్తారు?

కంటి ఒత్తిడిని కొలుస్తారు. ముందు చుక్క వేసి కన్నును తిమ్మిరెక్కిస్తారు కనుక నొప్పి ఉండదు. చిన్న అద్దం ఆనించి నీరు పోయే మూల తెరిచి ఉందో మూసుకుందో చూస్తారు. చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి నరాన్ని చూస్తారు. నరం మధ్యలో చిన్న గుంట సహజంగానే ఉంటుంది. పోగులు చచ్చిపోతున్నకొద్దీ ఆ గుంట పెద్దదవుతుంది. తరువాత గిన్నె వంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, అక్కడక్కడా మెరిసే చిన్న వెలుగులు కనిపించినప్పుడల్లా మీట నొక్కమంటారు. మీ పక్క చూపు ఎంత ఉందో దీనితో తెలుస్తుంది. మొదటిసారి సరిగా చేయలేకపోయామని దిగులుపడకండి. చాలామందికి రెండోసారి అలవాటవుతుంది. కొన్ని చోట్ల స్కానింగ్ చేసి నరం పోగుల మందాన్ని కూడా కొలుస్తారు.

కంటిపాపను పెద్దది చేసినప్పుడు కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది. ఆ రోజు బండి నడపకూడదు. ఎవరినైనా తోడు తెచ్చుకోండి. పాత చీటీలు, వాడుతున్న అన్ని మందులు వెంట తేవడం మరచిపోకండి.

చికిత్స ఏమిటి?

చికిత్స అంతా ఒత్తిడిని తగ్గించడానికే. చుక్కలు, లేజర్, ఆపరేషన్ అని మూడు దారులున్నాయి.

చుక్కల మందు వాడితే నిజంగా లాభం ఉందా అని కొందరికి సందేహం. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. కంటి ఒత్తిడి ఎక్కువగా ఉండి, నరం ఇంకా దెబ్బతినని 1600 మందికి పైగా అందులో ఉన్నారు. అయిదేళ్లలో చుక్కలు వాడనివారిలో నూటికి 9.5 మందికి జబ్బు మొదలైంది. వాడినవారిలో 4.4 మందికే మొదలైంది. అంటే ప్రమాదం సగానికి పైగా తగ్గింది.

లేజర్ రెండు పనులకు ఉపయోగపడుతుంది. మూల మూసుకుపోయే రకంలో నల్లగుడ్డులోని రంగు పొరకు సన్నని రంధ్రం చేసి నీటికి దారి ఇస్తారు. తెరిచి ఉండే రకంలో పూడుకున్న జల్లెడకు లేజర్ కొట్టి నీరు బాగా పోయేటట్టు చేస్తారు. 2019లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధనలో, చుక్కలకు ముందే ఈ లేజర్ చేయించుకున్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి, మూడేళ్లు గడిచేసరికి కూడా చుక్కలు అవసరం లేకుండానే ఒత్తిడి అదుపులో ఉంది. ఇది అందరికీ సరిపడదు. మీకు సరిపడేదో కాదో పరీక్ష చేసి చెప్పాలి.

చుక్కలు, లేజర్ చాలనప్పుడు ఆపరేషన్ చేస్తారు. ఈ ఆపరేషన్ చరిత్రలో మన దక్షిణాదికి చోటుంది. 1909లో మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో ఆర్.హెచ్. ఎలియట్ అనే డాక్టరు, నల్లగుడ్డు అంచున చిన్న రంధ్రం చేసి లోపలి నీరు పైపొర కిందికి పోయేలా చేసే పద్ధతిని ప్రారంభించారు. ఆ రోజుల్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. తరువాత 1968 నుంచి మెరుగుపరచిన పద్ధతి వాడుకలోకి వచ్చింది. సూత్రం మాత్రం అదే: నీటికి కొత్త దారి ఇవ్వడం. ఈ ఆపరేషన్ కూడా పోయిన చూపును తేదు. సంతకం పెట్టేముందు ఇంట్లో అందరూ ఈ సంగతి తెలుసుకోవాలి.

చుక్కలు ఎలా వేసుకోవాలి?

1. చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. తల వెనక్కి వంచి, కింది రెప్పను లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. అందులో ఒక్క చుక్క వేయండి. సీసా మూతి కంటికిగాని, రెప్పకుగాని తగలకూడదు.
3. కన్ను మెల్లగా మూసుకుని, ముక్కు వైపు ఉన్న కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. ఇలా చేస్తే మందు గొంతులోకి, రక్తంలోకి పోకుండా కంటిలోనే ఉంటుంది.
4. రెండు రకాల చుక్కలు ఉంటే మధ్యలో కనీసం అయిదు నిమిషాలు ఆగండి. లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.
5. చెప్పిన వేళకే వేసుకోండి. పళ్లు తోముకోవడం, రాత్రి భోజనం వంటి రోజువారీ పనితో జతచేసుకుంటే మరచిపోరు.
6. సీసా మూత తీసిన తేదీని దాని మీద రాయండి. చాలా సీసాలను నెల దాటితే వాడకూడదు.
7. కొన్ని మందులను ఫ్రిజ్‌లో పెట్టాలి. మీ ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే మందు రాసేటప్పుడే చెప్పండి. వేరే మందు రాయవచ్చు.
8. ఉబ్బసం, ఆయాసం, గుండె జబ్బు ఉన్నవారు ముందే చెప్పాలి. టిమొలాల్ వంటి చుక్కలు ఉబ్బసాన్ని పెంచుతాయి, గుండె వేగాన్ని తగ్గిస్తాయి.

కొన్ని చుక్కలకు కళ్లు కొంచెం ఎర్రబడతాయి, రెప్ప వెంట్రుకలు పెరుగుతాయి, రెప్పల చుట్టూ చర్మం నల్లబడుతుంది. ఇబ్బందిగా ఉంటే వచ్చి చెప్పండి. మీ అంతట మీరు మానకండి. ధర భారమైనా అంతే. తక్కువ ధర మందులు ఉన్నాయి, జన ఔషధి కేంద్రాలు ఉన్నాయి. ఏదో ఒక దారి చూడవచ్చు.

కంటి నరాన్ని దెబ్బతీసే ఇతర కారణాలు

నరం దెబ్బతినడానికి నీటికాసులొక్కటే కారణం కాదు.

క్షయ మందులలో ఇథాంబ్యుటాల్ అనేది ఒకటి. అది కొద్దిమందిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. క్షయకు మందు వాడుతున్నవారికి చూపు మసకబారినా, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టు కనిపించినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. తొందరగా ఆ ఒక్క మందు మారిస్తే చాలామందికి చూపు మెరుగవుతుంది. కానీ భయపడి క్షయ మందులన్నీ సొంతంగా మానేయకూడదు.

కల్తీ సారాలో మిథనాల్ అనే విషం ఉంటుంది. తాగిన గంటల్లో గాని, ఒకటి రెండు రోజుల్లో గాని రెండు కళ్లూ పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. తాగిన తరువాత చూపు మసకబారితే, మత్తు దిగితే సరిపోతుందని పడుకోబెట్టకండి.

పడుచు వయసువారిలో ఒక కంటి చూపు రెండు మూడు రోజుల్లో తగ్గి, కన్ను తిప్పితే నొప్పి ఉంటే అది నరం వాపు కావచ్చు. షుగరు ఎక్కువ కాలం ఉన్నవారిలో కంటి వెనక ఉన్న రెటీనా అనే తెర దెబ్బతింటుంది. అది ముదిరితే మొండి రకం నీటికాసులు కూడా వస్తాయి. షుగరు ఉన్నవారు చూపు బాగున్నా సరే ఏటా కంటిపాప పెద్దది చేయించుకుని చూపించుకోవాలి.

మీరు అడిగే కొన్ని ప్రశ్నలు

టీవీ, సెల్‌ఫోన్ చూడడం వల్ల నీటికాసులు వస్తాయా? రావు. కళ్లు అలసిపోతాయి, పొడిబారతాయి. అది వేరే సంగతి.

ఆకు పసరు, చనుబాలు, తేనె వేస్తే తగ్గుతుందా? తగ్గదు. నల్లగుడ్డుకు పుండు పడి ఉన్న చూపు కూడా పోయే ప్రమాదం ఉంది.

ఉపవాస దినాలలో చుక్కలు మానవచ్చా? మానకూడదు. కంటి చుక్క ఆహారం కాదు. అలాగే పెళ్లికి, పండుగకు, మహాసభలకు ఊరు వెళ్లేటప్పుడు అన్నిటికంటే ముందు సీసాను సంచిలో పెట్టుకోండి.

వ్యాయామం చేయవచ్చా? నడక మంచిది. శీర్షాసనం వేయకండి, తలకిందులుగా ఉంటే కంటి ఒత్తిడి పెరుగుతుంది. నీళ్లు కూడా చెంబుల కొద్దీ ఒకేసారి తాగకుండా, కొంచెం కొంచెంగా తాగండి.

ఇప్పటికే చూపు చాలా పోయినవారి సంగతేమిటి? మిగిలిన కొద్ది చూపు ఎంతో విలువైనది. చుక్కలు కొనసాగించాలి. ఇంట్లో నడిచే దారిలో బల్లలు, బిందెలు అడ్డం పెట్టకండి. మెట్ల అంచులకు తెల్లరంగు వేయండి. వస్తువులు ఎప్పుడూ ఒకే చోట ఉంచండి. చుక్కలు వేసే పని ఇంట్లో ఒకరు తీసుకోండి. వికలాంగుల ధ్రువపత్రానికి అర్హత ఉందేమో ఆసుపత్రిలో అడగండి.

ఈ పాఠం చదివిన తరువాత

కింది ప్రశ్నలకు ఇంట్లో అందరూ కలిసి జవాబు చెప్పుకోండి.

1. నీటికాసుల మందు ఏమి చేస్తుంది, ఏమి చేయదు?
2. చిన్న అక్షరాలు చదవగలిగినవారికి కూడా ఈ జబ్బు ఎందుకు ఉండవచ్చు?
3. కంటి ఎరుపుతో తలనొప్పి, వాంతులు వస్తే ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి?
4. మన ఇంట్లో ఎవరైనా డాక్టరు చెప్పకుండా కంటి చుక్కలు కొని వాడుతున్నారా?
5. మన కుటుంబంలో ఈ జబ్బు ఎవరికైనా ఉందా? ఉంటే వారి తోబుట్టువులలో, పిల్లలలో ఎవరెవరు ఇంకా పరీక్ష చేయించుకోలేదు?

అయిదో ప్రశ్నకు జవాబుగా వచ్చిన పేర్లను ఒక కాగితం మీద రాయండి. ఈ వారమే వారికి ఫోను చేయండి. కంటికి ఏ బాధా లేనివారిని ఆసుపత్రికి రమ్మంటే "నాకేమైంది?" అంటారు. ఏమీ కాకముందే రావాలని చెప్పండి.